నోరు మూసుకుని నవ్వమన్న కెమెరా

మా విద్యార్థినులలో ఒకామె తన ఓణీల ఫంక్షన్ వీడియోను పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని ఒకరోజు కాలేజీకి తెచ్చింది. ఆ ఫంక్షన్ నాటికి ఆమెకు 13 ఏళ్ళు. హాలు ముందు నిలువెత్తు ఫ్లెక్సీ, మెడ నిండా పూలదండలు, పైన తిరిగే డ్రోన్, పాట మధ్యలో గులాబీ రేకులు రాలే గ్రాఫిక్సు, అన్నీ అందులో ఉన్నాయి. మేనమామలు చీర పెట్టడం, ముత్తైదువలు హారతి పట్టడం, చుట్టాలంతా వరుసగా వచ్చి అక్షింతలు వేసి, చేతిలో కవరు పెట్టి, ఫోటో దిగి వెళ్ళడం, అంతా కలిపి గంటన్నర. ఆ గంటన్నరా పిల్ల నవ్వుతూనే ఉంది గానీ ఒక్క పన్ను కూడా కనిపించలేదని మొదటిసారి చూసినప్పుడు మాకు అనిపించింది. పెదవులు రెండూ బిగించి, చెంపలు మాత్రం పైకి లాగి నవ్విన నవ్వు అది. ఎందుకలా నవ్వావని అడిగితే, "వీడియో అన్న చెప్పిండు మేడమ్. చెల్లె, మూతి మూసి నవ్వు, పండ్లు పడుతున్నయ్ అన్నడు" అని చెప్పింది.

నాకు వెంటనే నా ఫోటోలు గుర్తుకొచ్చాయి. మాది మునుగోడు వైపు పల్లె. 1997లో నేను పెద్దమనిషినైనప్పుడు నల్గొండ నుంచి ఫోటోగ్రాఫర్‌ను పిలిపించారు. అప్పట్లో రీలుకు 36 ఫోటోలు వచ్చేవి. ఆ ఆల్బమ్ ఇప్పటికీ మా అమ్మవాళ్ళింట్లో బీరువా పై అరలో ఉంది. మొన్న దసరాకు వెళ్ళినప్పుడు తీసి ఒక్కొక్కటే చూశాను. ఏ ఒక్కదానిలోనూ నేను నోరు తెరిచి నవ్వలేదు. నాకు ఆ ఫోటోగ్రాఫర్ ఏమీ చెప్పలేదు, చెప్పవలసిన అవసరం అతనికి రాలేదు, ఎందుకంటే అప్పటికే నేను ఆ విద్య నేర్చుకుని ఉన్నాను. నవ్వు వచ్చిందంటే చెయ్యి దానంతట అదే నోటి మీదికి వచ్చేది. ఓణీ వేసుకున్నాక చేతికి బదులు కొంగు వచ్చింది, అంతే తేడా.

దూరప్రాంతాల వారికి ఇది చిన్న సంగతిగా తోచవచ్చు కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. మునుగోడు, మర్రిగూడ, నాంపల్లి, చండూరు వైపు భూగర్భ జలాలలో ఫ్లోరైడ్ ఎక్కువ. తాగే నీటిలో అది లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మా బోరింగుల నీళ్ళు ఆ హద్దును ఎప్పుడో దాటాయి. శాశ్వత దంతాల మీది ఎనామిల్ పొర చిగుళ్ళ లోపల ఉండగానే, దాదాపు 8 ఏళ్ళ వయసు లోపలే తయారవుతుంది. ఆ వయసులో ఒంట్లోకి ఎక్కువగా చేరిన ఫ్లోరైడ్ ఆ పొరను సరిగా గట్టిపడనివ్వదు. అంటే పన్ను మొలవకముందే దాని రంగు నిర్ణయమైపోయి ఉంటుంది. మొదట సుద్దముక్కతో గీసినట్టు తెల్లని చారలు కనిపిస్తాయి, తర్వాత అవే పసుపుగా, గోధుమ రంగుగా మారతాయి. ఎంత తోమినా పోవు. ఈ సంగతి నాకు డిగ్రీలో చేరాక తెలిసింది. అంతకుముందు బడిలో, పళ్ళు తోముకోకుండా వస్తావా అని అందరి ముందూ నిలబెట్టి అడిగారు. ఆ రోజు ఇంటికి వచ్చి బొగ్గుపొడిలో ఉప్పు కలుపుకుని చిగుళ్ళ నుంచి రక్తం వచ్చేదాకా తోముకున్నాను. మరునాడు అద్దంలో చూసుకుంటే పళ్ళు ముందురోజు ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి.

మా జిల్లాకు కెమెరాలు రాలేదని ఎవరూ అనలేరు. 1996 లోక్‌సభ ఎన్నికలలో, ఫ్లోరైడ్ లేని నీళ్ళ కోసం పోరాడిన జలసాధన సమితి పిలుపుతో నల్గొండ నియోజకవర్గంలో 480 మంది పోటీలో నిలిచినప్పుడు దేశమంతా మా వైపు చూసింది. ఆ తర్వాత ఎన్నో ఏళ్ళు విలేకరులు వచ్చి, ఫ్లోరైడ్ ఎముకలకు పట్టడం వల్ల వంగిపోయిన వెన్నులను, వంకర తిరిగిన కాళ్ళను ఫోటోలు తీసుకుని వెళ్ళారు. ఆ ఫోటోలు అవసరమైనవే, వాటి బలం లేకుండా మాకు నీళ్ళు వచ్చేవి కావు. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) పటిక, సున్నం కలిపి నీటిలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని రూపొందిస్తే దానికి 'నల్గొండ టెక్నిక్' అనే పేరు వచ్చింది. మా జిల్లా పేరు పాఠ్యపుస్తకాలకు ఎక్కింది ఆ విధంగా. ఇప్పుడు మిషన్ భగీరథ గొట్టాలలో కృష్ణా నీళ్ళు వస్తున్నాయి. కాని ఆ కెమెరాలన్నీ మా ఒంటిని అర్జీ కాగితంలా పట్టుకుని చూపించాయి. ఇక ఫంక్షన్ కెమెరా వచ్చి అదే ఒంటికి తెల్లటి మేకప్ పూసి, మూతి మూయించి, మంచిది అనుకున్నది మాత్రమే చూపించింది. అర్జీకి నవ్వుతో పని లేదు. ఫంక్షన్ వీడియోకు నవ్వు కావాలి, పళ్ళు మాత్రం వద్దు.

నేను ఇంత సేపు ఫంక్షన్ వీడియో గురించి ఎందుకు మాట్లాడుతున్నానంటే, ఎదిగే వయసు ఆడపిల్లల సినిమాల గురించి మనం మాట్లాడుకునేటప్పుడు దాన్ని లెక్కలోకి తీసుకోము. 'కమింగ్ ఆఫ్ ఏజ్' అంటే పిల్లతనం దాటి పెద్దరికంలోకి అడుగుపెట్టే రోజుల కథ అని అర్థం. మా వైపు చాలామంది ఆడపిల్లల జీవితంలో అలాంటి మొదటి సినిమా, తానే కథానాయికగా ఉన్న సినిమా, ఈ ఫంక్షన్ వీడియోనే. దర్శకుడు వీడియో అన్న, నిర్మాతలు మేనమామలు, ప్రేక్షకులు చుట్టాలు. తన శరీరాన్ని ఎలా నిలబెట్టాలో, ఏది చూపించాలో, ఏది దాచాలో పిల్ల మొదట నేర్చుకునేది ఆ లైట్ల ముందే. ఆ తర్వాత ఆమె ఏ సినిమా చూసినా ఈ నేర్చుకున్న కళ్ళతోనే చూస్తుంది. కాబట్టి ఆత్మవిశ్వాసం నింపాలని తీసే సినిమా ఏదైనా ముందుగా ఈ మొదటి పాఠాన్ని మరిపించగలగాలి. అది మాటలతో అయ్యే పని కాదని నా నమ్మకం.

మన తెలుగులో ఈ పని నేరుగా తలకెత్తుకున్న పెద్ద సినిమా 'సైజ్ జీరో'. 2015లో తెలుగు, తమిళ భాషలలో వచ్చింది, ప్రకాశ్ కోవెలమూడి దర్శకుడు. అనుష్క శెట్టి ఆ పాత్ర కోసం నిజంగానే బరువు పెంచుకున్నారు. అంత పేరున్న నటి అలా చేయడం ఎంత పెద్ద సాహసమో నేను తక్కువ చేసి చెప్పను. ఆ సినిమాలో నాకు నిజమనిపించినవి ఇంట్లో జరిగే సన్నివేశాలు, ముఖ్యంగా కూతురి పెళ్ళి కోసం తల్లి పడే ఆరాటం. బరువు తగ్గించే క్లినిక్కు మీద పోరాటం మొదలయ్యాక కథ ఒక ప్రచారోద్యమంగా మారిపోయి, ఆ అమ్మాయి అద్దం ముందు ఒంటరిగా ఉన్నప్పుడు తనను తాను ఎలా చూసుకుంటుందన్న ప్రశ్న వెనక్కి వెళ్ళిపోయింది. సినిమా విడుదలయ్యాక కూడా చాలాకాలం, ఆమె నటన కంటే ఆమె బరువు తగ్గిందా లేదా అన్నదే వార్తగా మిగలడం నన్ను ఎక్కువ బాధపెట్టింది.

2017లో శేఖర్ కమ్ముల తీసిన 'ఫిదా' అలాంటి సందేశమేదీ ఇవ్వలేదు గానీ మా పిల్లల మీద దాని ప్రభావం ఎక్కువ. బాన్సువాడ భానుమతి చెంపల మీది మొటిమలు తెర మీద కనిపించాయి, కథలో వాటి గురించి ఎవరూ ఒక్క మాట మాట్లాడలేదు. ఆ పాత్ర వేసిన సాయిపల్లవి తన సంభాషణలు తానే చెప్పుకున్నారు, అదీ తెలంగాణ మాటలో. ముఖం ఒకరిది, గొంతు మరొకరిది కావడం మామూలైపోయిన పరిశ్రమలో, ఒక అమ్మాయి తన ముఖంతో, తన గొంతుతో, మనం ఇంట్లో మాట్లాడుకునే మాటతో నిలబడటం ఎంత పెద్ద సంగతో పరీక్షలకు చదువుకుంటున్న పిల్లలకు వెంటనే తెలిసింది. తెల్లబరిచే క్రీము ప్రకటనలో నటించడానికి ఆమె ఒప్పుకోలేదన్న సంగతి 2019లో బయటికి వచ్చింది. ఆ మరుసటి ఏడాదే 'ఫెయిర్ అండ్ లవ్లీ' క్రీము పేరులోంచి దాని కంపెనీ 'ఫెయిర్' అనే మాటను తీసేసింది. అదే 2020లో వచ్చిన 'కలర్ ఫోటో' ఒంటి రంగు వల్ల పడే అవమానాన్ని ఎంతో ఆర్ద్రంగా చెప్పింది, అయితే ఆ అవమానం పడింది అబ్బాయి. అమ్మాయి తెల్లగానే ఉంది. రంగు తక్కువైన అమ్మాయి కథ అంత ప్రేమగా చెప్పే సినిమా కోసం నేను ఇంకా ఎదురుచూస్తూనే ఉన్నాను.

పిల్లలకు నేను చూపించిన వాటిలో ఎక్కువ చర్చ జరిగింది 'రియల్ విమెన్ హావ్ కర్వ్స్' మీద. 2002లో పట్రీషియా కార్డోసో అనే దర్శకురాలు తీసిన అమెరికన్ సినిమా అది. లాస్ ఏంజెలిస్‌లో మెక్సికో మూలాలున్న ఒక కుటుంబం, లావుగా ఉందని కూతురిని ఎప్పుడూ సతాయించే తల్లి, అక్క నడిపే కుట్టుమిషన్ల గది. ఆ గదిలో ఒకరోజు ఎండ మండిపోతుంటుంది, బట్టల మీద దుమ్ము పడుతుందని ఫ్యాను వేయనివ్వరు. ఉక్క భరించలేక కూతురు చొక్కా విప్పి పని చేయడం మొదలుపెడుతుంది. మిగతా ఆడవాళ్ళు ముందు ఆశ్చర్యపోయి, తర్వాత ఒక్కొక్కరే తమ బట్టలు కూడా తీసి, కడుపు మీది కాన్పు చారలను ఒకరికొకరు చూపించుకుని, ఎవరివి ఎక్కువో పోల్చుకుని నవ్వుకుంటారు. తల్లి మాత్రం సిగ్గులేనివాళ్ళని తిట్టి వెళ్ళిపోతుంది. ఆ సినిమా చూస్తున్నప్పుడు గదిలో తలుపు వేసుకున్నాం, మొదట్లో అందరూ తలలు దించుకున్నారు. కాసేపటికి, వాళ్ళమ్మ పోచంపల్లిలో మగ్గం మీద పనిచేసే ఒక అమ్మాయి, "మా ఇంట్ల ఎండకాలం గిట్లనే ఉంటది మేడమ్, మగోళ్ళు బయటికి పోతే" అంది. అక్కడి నుంచి అది అమెరికా సినిమాగా లేకుండా పోయింది.

ఆ సన్నివేశం అంతగా ఎందుకు పనిచేస్తుందని నేను చాలా రోజులు ఆలోచించాను. అక్కడ ఎవరూ ఎవరికీ ధైర్యం చెప్పరు. వాళ్ళు అందంగా ఉన్నారని ఏ మగవాడూ వచ్చి చెప్పడు. ఉక్కగా ఉంది, పని పూర్తి కావాలి, శరీరం ఉన్నది పని చేయడానికి, గాలి తగిలితే హాయిగా ఉండటానికి. అంతవరకే. రీమా దాస్ అస్సాంలోని తన సొంత ఊరిలో తీసిన 'విలేజ్ రాక్‌స్టార్స్'లో కూడా ఇదే గుణం ఉంది. 2017లో వచ్చిన ఆ సినిమాకు దర్శకత్వం, ఛాయాగ్రహణం, ఎడిటింగ్ అన్నీ ఆమే చేసుకుంది, జాతీయ ఉత్తమ చిత్రంగా ఎంపికైంది కూడా. చెట్లెక్కి తిరిగే ధును అనే పిల్ల అందులో పెద్దమనిషి అవుతుంది, మన దగ్గరలాగే వేడుక చేస్తారు, ఊరి ఆడవాళ్ళు ఇక చెట్లెక్కవద్దంటారు, కాని తల్లి కూతురి పక్షాన నిలబడుతుంది. ఆ వేడుకను తీసిన తీరు చూసి మా పిల్లలు తమ ఫంక్షన్ వీడియోల గురించి మాట్లాడటం మొదలుపెట్టారు. మొదట్లో చెప్పిన పెన్‌డ్రైవ్ వచ్చింది ఆ మరునాడే.

నాకు నచ్చని రెండు సన్నివేశాల గురించి కూడా ఇక్కడ చెప్పాలి, అవి దాదాపు ప్రతి సినిమాలోనూ ఉంటాయి. ఒకటి, అబ్బాయి వచ్చి నువ్వు అందంగా ఉన్నావని చెప్పగానే అమ్మాయికి తన మీద తనకు నమ్మకం కుదరడం. ఆ అబ్బాయి రేపు మాట మారిస్తే ఆ నమ్మకం ఏమవుతుందో సినిమా చెప్పదు. రెండవది, రూపం ముఖ్యం కాదు, మనసు అందంగా ఉంటే చాలు అని ఎవరో పెద్దలు చెప్పడం. వినడానికి ఎంతో మంచి మాట. కాని గార పళ్ళ పిల్లగా ఆ మాట విన్నదాన్ని కాబట్టి చెబుతున్నాను, దానిలో నా పళ్ళు బాగాలేవన్న తీర్పు ముందే ఉంది. నీ ముఖం చూడలేము గానీ నీ మనసు చూస్తాములే అన్నట్టు నాకు వినిపించేది. నా నోరు నాకు కావాలి. దానితో తింటాను, పాడతాను, పాఠం చెబుతాను. దాన్ని పక్కన పెట్టి మిగతా నన్ను ఒప్పుకోవడం నాకు సరిపోదు.

ఇవన్నీ మాట్లాడుకున్నాకే మేము 14 నిమిషాల పొట్టి సినిమా ఒకటి తీయాలని నిర్ణయించుకున్నాం. తొమ్మిదిమంది విద్యార్థినులు, రెండు ఫోన్లు. దీనికి ఇంకొక కారణం కూడా ఉంది. ఇప్పుడు డిగ్రీ చదువుతున్న పిల్లల పళ్ళు తయారైన కాలానికి కృష్ణా నీళ్ళు మా ఊళ్ళకు రాలేదు. వాళ్ళ తర్వాత పుట్టిన పిల్లల పళ్ళు వేరుగా ఉంటాయి, ఉండాలని కోరుకుంటున్నాను. కొన్నేళ్ళకు ఈ చారలు మా ప్రాంతంలో కనిపించకుండా పోవచ్చు. అప్పటికి ఈ నోళ్ళతో నవ్విన ఒక్క ఆడపిల్ల బొమ్మ అయినా మిగిలి ఉండకపోతే, మేమంతా పెదవులు బిగించుకునే పుట్టామని మనవరాళ్ళు అనుకుంటారు.

మొదట రాసుకున్న కథ చివర్లో, కథానాయిక కాలేజీ వార్షికోత్సవంలో వేదికెక్కి తన పళ్ళ గురించి ఆవేశంగా మాట్లాడుతుంది, సభంతా లేచి చప్పట్లు కొడుతుంది. రాసింది నేనే. చదివి వినిపించాక బీకాం చదివే ఒక అమ్మాయి నెమ్మదిగా అడిగింది: "మేడమ్, ఎవ్వరు చప్పట్లు కొట్టకపోతే గప్పుడేం జేస్తది?" దానికి నా దగ్గర జవాబు లేదు. ఆ సన్నివేశాన్ని, దానితోపాటు పళ్ళ గురించిన సంభాషణలన్నిటినీ కొట్టేశాను. మిగిలిన కథ చాలా చిన్నది. చివరి సంవత్సరం గ్రూప్ ఫోటో దిగే రోజున ఒక అమ్మాయి కాలేజీకి వెళ్ళకుండా బత్తాయి తోటలో కాయకోతకు వెళ్ళిన అవ్వ దగ్గర ఉండిపోతుంది, సాయంత్రం ఇంటికి వస్తుంది.

షూటింగు మొదటిరోజు తీసినదంతా పనికిరాలేదు. ఇంటికి వచ్చి చూసుకుంటే అందరి ముఖాలూ మైనం పూసినట్టున్నాయి, మొటిమలు లేవు, కంటి కింద నలుపు లేదు, కథానాయిక పళ్ళు కూడా తేటగా ఉన్నాయి. ఫోన్ సెట్టింగులలో 'బ్యూటీ' అనే మీట కొన్ననాటి నుంచి ఆన్‌లోనే ఉందట. అది తీసేసి మరోసారి తీసి చూపించినప్పుడు ఎవరూ మాట్లాడలేదు. ఇన్నేళ్ళుగా తాము చూసుకుంటున్నది తమ ముఖం కాదని ఆ పిల్లలకు అప్పుడే తెలిసింది. ఒక అమ్మాయి మాత్రం దాన్ని మళ్ళీ పెట్టమంది, లేకుంటే తాను తెర మీద కనిపించనంది. నేను బలవంతం చేయలేదు. ఆమె శబ్దం రికార్డు చేసే పనిలోకి మారింది, ఆ పని ఎంతో శ్రద్ధగా చేసింది కూడా. ధైర్యం పేరుతో ఒక ఆడపిల్లను కెమెరా ముందుకు నెట్టడం కూడా ఒక రకం బలవంతమే అని నేను అనుకుంటాను.

రంగుతో వచ్చిన చిక్కు ఇంకొకటి. ఎండలో నిలబెడితే వెనుక ఆకాశం వెలుగుకు ఫోన్ తనంతట తానే సర్దుకుని, చామనఛాయ ముఖాన్ని నల్లటి ముద్దగా చూపిస్తుంది. వెలుగు పెంచితే ముఖం పాలిపోతుంది. కెమెరాలు తెల్లని చర్మాన్ని దృష్టిలో పెట్టుకునే తయారయ్యాయన్నది ఊరికే అనే మాట కాదు. వెనుకటి రోజుల్లో కొడాక్ కంపెనీ ఫిల్ములో రంగులు సరిచూసుకోవడానికి 'షిర్లీ కార్డు' అని ఒక తెల్లజాతి స్త్రీ ఫోటోను ల్యాబులకు పంపేది. ఆ ముఖం సరిగా వస్తే అందరి ముఖాలూ సరిగా వచ్చినట్టే లెక్క. ముదురు రంగులను ఫిల్ము సరిగా పట్టుకోవడం లేదని చాక్లెట్ తయారీదారులు, చెక్కసామాను తయారీదారులు ఫిర్యాదు చేశాకే ఆ కంపెనీ గట్టిగా ఆ సంగతి పట్టించుకుందని చెబుతారు. ఈ మాట చెప్పగానే మా పిల్లలకు కోపం వచ్చింది, ఆ కోపం మంచిదే. ఆకాశం ఫ్రేములో పడకుండా చెట్ల నీడలోకి జరిగి, ఎండ పడేచోట తెల్లటి థర్మోకోల్ అట్ట పట్టుకుని ఆ వెలుగును ముఖం మీదికి మళ్ళించాం. అప్పుడు ఆ చామనఛాయలో ఉన్న ఎరుపు, చెంప మీది నూనె మెరుపు, పెదవి పైని సన్నని నూగు, అన్నీ కనిపించాయి.

దేవరకొండ వైపు తండా నుంచి వచ్చే అమ్మాయి ఆ వెలుగులో తన చేతిని తిప్పి తిప్పి చూసుకుంటూ, సినిమాలలో అద్దాల లంగా వేసుకున్న వాళ్ళను డ్యాన్సు చేయించడానికే పిలుస్తారు గానీ కూర్చోబెట్టి మాట్లాడించరు అంది. ఆమె నాయనమ్మ చేతుల మీది పచ్చబొట్లతో మొదలయ్యే సినిమా ఒకటి ఆమె తీయాలి. నేను ఆమెను అడుగుతూనే ఉన్నాను.

ఇక నవ్వు సంగతి. అవ్వ పాత్రకు తోటలో నిజంగా కాయకోతకు వచ్చిన ఒక పెద్దమ్మనే ఒప్పించాం. ఆమెకు ముందు పళ్ళు ఒక్కటీ లేవు. మనవరాలి పాత్ర వేసింది మొదట్లో చెప్పిన పెన్‌డ్రైవ్ తెచ్చిన అమ్మాయే. సన్నివేశం ప్రకారం మనవరాలు బత్తాయి ఒలిచి తొనలు అవ్వ చేతిలో పెట్టాలి, అవ్వ తినాలి, మాటలేమీ లేవు. కాని ఆ పెద్దమ్మ తొన చేతిలో పట్టుకుని కెమెరాను పూర్తిగా మరిచిపోయి, "పండ్లు లేనోళ్ళకు పండ్లు వెడితే ఎట్ల బిడ్డా" అంది. మా వైపు పళ్ళను కూడా పండ్లనే అంటాం కదా. ఆ మాటకు మా అమ్మాయి ఒక్కసారిగా నవ్వింది. అలవాటు ప్రకారం చెయ్యి నోటి వైపు లేచింది, కాని రెండు చేతులూ బత్తాయి రసంతో తడిసి ఉన్నాయి, ఒక దానిలో సగం ఒలిచిన కాయ ఉంది. చెయ్యి గడ్డం దాకా వచ్చి ఆగిపోయింది. రసం మణికట్టు మీదుగా మోచేతికి కారుతుంటే ఆమె నోరు తెరిచి, పై వరుసా కింది వరుసా కనిపించేలా, మెడ వెనక్కి వాల్చి నవ్వుతూనే ఉంది. ఫోన్ పట్టుకున్న అమ్మాయి ఆపలేదు, కదలలేదు, దగ్గరికి కూడా జరగలేదు. 11 సెకన్లు. ఆ 11 సెకన్లను ఎక్కడా కత్తిరించకుండా అలాగే ఉంచాం.

సినిమాను కాలేజీలోనే ఒక గదిలో కిటికీలకు దుప్పట్లు కట్టి చూపించాం. పిల్లల తల్లులు కొందరు వచ్చారు. ఆ నవ్వు తెర మీద అంత పెద్దగా వచ్చినప్పుడు గదిలో ఎవరో కిసుక్కుమన్నారు, తర్వాత నిశ్శబ్దం. అయిపోయాక ఆ అమ్మాయి తల్లి నా దగ్గరికి వచ్చి చాలాసేపు ఏమీ అనకుండా నిలబడింది. బాగాలేదంటుందేమో, ఎందుకు చూపించారంటుందేమో అని నాకు భయం వేసింది. ఆమె చివరికి, "ఆ నీళ్ళు బిందెలతోని మోసి తాపింది నేనే గద మేడమ్" అంది. ఇన్నేళ్ళుగా ఆ తల్లి కూతురి నోటి వైపు చూసినప్పుడల్లా తన తప్పునే చూసుకుంటూ ఉందని నాకు అంతవరకు తోచలేదు. ఆ రోజుల్లో ఇంకెక్కడి నీళ్ళు తెస్తావమ్మా, ఊరంతా తాగింది అవే కదా అన్నాను. మా అమ్మ కూడా అవే మోసిందని చెప్పాను. ఆమె నా ముఖం వైపు చూసింది, నా పళ్ళ వైపు కూడా చూసింది. నేను నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. ఆ తర్వాత ఇద్దరం బస్టాండు దాకా కలిసి నడిచాం.

పెన్‌డ్రైవ్ గురించి చెప్పవలసింది మిగిలింది. ఎడిటింగ్ చేసే రోజుల్లో ఆ ఫంక్షన్ వీడియోను మరోసారి మొదటి నుంచి చివరిదాకా చూశాం. గంట దాటాక, భోజనాల దగ్గర, ఆ అమ్మాయి మేనత్త కూతురు వెనుక నుంచి వచ్చి ఏదో చెవిలో చెబుతుంది. ఒక్క రెండు సెకన్లు, ఫ్రేము అంచున, మసకగా, 13 ఏళ్ళ పిల్ల నోరంతా తెరిచి నవ్వుతుంది. వీడియో అన్న కంట పడకుండా, మిక్సింగులో కోతకు దొరక్కుండా మిగిలిపోయిన ముక్క అది. మాకందరికీ ఒకే ఆలోచన వచ్చింది, బత్తాయి తోటలోని నవ్వు తర్వాత దీన్ని పెట్టి సినిమా ముగిద్దామని. నేను ఎంతో ఉత్సాహంగా అడిగాను. ఆమె కాసేపు ఆలోచించి వద్దంది. "తోటల నవ్వింది మీ సినిమా కోసం ఇచ్చిన మేడమ్. ఇది నాది. నా దగ్గరనే ఉండనియ్యున్రి" అంది.

పెన్‌డ్రైవ్ ఆమెకు తిరిగి ఇచ్చేశాను. ఈ సంగతి రాయడానికి ఆమె ఒప్పుకుంది, పేరు మాత్రం రాయవద్దంది. మా సినిమా, అవ్వ నేల మీది బత్తాయి తొక్కలు ఏరి కొంగులో వేసుకోవడంతో ముగుస్తుంది.